ఏండ్లు గడచిన బిట్‌కాయిన్ తాళపుచెవులు

ఇంటి పెట్టెలో నలువది యేండ్లనాటి భూమి దస్తావేజు ఒకటి యున్నదనుకొందము. కాగితము పసుపువన్నెకు తిరిగియుండును, మడతలు చినిగియుండును. అయినను దానిని తీసి చదువుటకు కన్నులు తప్ప మఱియే సాధనమును అక్కఱలేదు. ఒకవేళ చెదలు తినివేసినను, రిజిస్ట్రారు కచేరిలో దరఖాస్తు పెట్టి నకలు తెచ్చుకొనవచ్చును. తాత ఆర్జించినది మనుమనికి దక్కుటకు ఈ రెండు వసతులును పెద్ద ఆధారములు. పత్రము యే యంత్రమును లేకుండ చదువుటకు వీలగుట యొకటి. పోయినచో మఱల నిచ్చువారుండుట రెండవది.

బిట్‌కాయిన్ అను డిజిటల్ నాణెము విషయమున ఈ రెండు వసతులును లేవు. దానిని తెఱచుటకు యంత్రము కావలయును, ఆ యంత్రమునకు తగిన సాఫ్ట్‌వేరు కావలయును; ఆ సాఫ్ట్‌వేరో, నాలుగైదేండ్ల కొకమాఱు రూపు మార్చుకొనుచునే యుండును. పోయినదానికి నకలు నిచ్చు కచేరి లోకములో నెక్కడను లేదు. 2009 జనవరి 3వ తేదీన బిట్‌కాయిన్ చిట్టాలో మొదటి పుట తెఱవబడినది. ఆ తొలి యేండ్లలో కుతూహలము కొలది కొద్దిపాటి నాణెములు సంపాదించి, పిదప మఱచిపోయినవారు అనేక దేశములలో కలరు. స్వదేశమున గాని విదేశమున గాని కంప్యూటరు పనిచేయు బిడ్డలున్న తెలుగు ఇండ్లలో సైతము, అటుక మీది పాత కంప్యూటరులో అట్టి ఫైలొకటి పడియుండుట అసంభవము కాదు.

ఈ నాణెములను కొనుట మంచిదా, చెడ్డదా యన్న చర్చ మాకు ప్రస్తుతము కాదు. ఉన్నదానిని కేవలము అజాగ్రత్తవలన పోగొట్టుకొనకుండుట యెట్లు అన్నదే మేమిచట వివరింపదలచినది.

మొదట ఒక అపోహను తొలగింపవలసి యున్నది. ఇంగ్లీషున దీనిని ‘వాలెట్టు’ అనుచున్నారు గనుక, అందులో నాణెములు ఉండునని పలువురు తలంతురు. నాణెములు అందులో నుండవు. ఏ చిరునామాకు ఎంత చెందునో తెలుపు చిట్టా ఒకటి ప్రపంచమంతట వేలకొలది కంప్యూటర్లలో ఏకరీతిగా వ్రాయబడుచుండును. ఆ చిట్టాలోని మొత్తమును ఒక చిరునామా నుండి మఱొక చిరునామాకు కదపు అధికారము మాత్రమే మన చేతిలోనిది. ఆ అధికారము ఒక రహస్యసంఖ్య రూపమున నుండును. అది 256 బిట్ల సంఖ్య. మామూలు అంకెలలో వ్రాసినచో 78 అంకెల వఱకు సాగును. కావున వాలెట్టు డబ్బుసంచి కాదు, తాళపుచెవుల గుత్తి. మన కంప్యూటరు కాలిపోయినను చిట్టా చెక్కుచెదరదు. తాళపుచెవి పోయినచో మాత్రము, చిట్టాలో సొమ్ము కనబడుచునే యుండును గాని కదల్పగలవారు ఉండరు.

మఱి, ఆ సంఖ్యను భద్రపఱచుటలో చిక్కు యెక్కడ వచ్చినది? కాలక్రమమున మూడు దశలు నడచినవి. ఇంటిలో ఏ దశనాటి వాలెట్టు ఉన్నదో తెలిసికొనుటయే సగము పని.

మొదటి దశలో ప్రతి తాళపుచెవియు దేనికది విడిగా పుట్టించిన సంఖ్య. అవి యన్నియు ‘వాలెట్ డాట్ డాట్’ అని మనవారు పలుకు ఒక ఫైలులో ఉండెడివి. సాఫ్ట్‌వేరు ఎప్పుడును 100 తాళపుచెవులను ముందుగా తయారు చేసి నిలువ ఉంచెడిది; అవి ఖర్చైన కొలది కొత్తవి చేయుచుండెడిది. ఇందులో ఒక సూక్ష్మము కలదు. మనము నూఱు రూపాయల నోటిచ్చి ముప్పది రూపాయల సరకు కొన్నచో, డెబ్బది రూపాయల చిల్లర తిరిగి వచ్చును గదా! బిట్‌కాయిన్‌లోను అట్టి చిల్లర వచ్చును. అది పాత చిరునామాకు రాక, నిలువలోని ఒక కొత్త తాళపుచెవికి చెందిన చిరునామాకు చేరును. యజమాని తాను కొత్త తాళపుచెవిని వాడినట్లే యెఱుగడు. కావున 2010లో తీసి దాచిన నకలు, ఆ తరువాత పెక్కు లావాదేవీలు జరిగియున్నచో, నేటి సొమ్మును తెఱవలేకపోవచ్చును. ఇట్టి ఫైళ్ళు ఎన్ని నకళ్ళున్నను అన్నిటిని ఉంచవలయును. అందులో చివరిది ముఖ్యము. 2011లో వచ్చిన 0.4 సంచిక నుండియే ఆ ఫైలుకు పాస్‌వర్డు పెట్టు వీలు కలిగినది. అంతకు ముందటి ఫైళ్ళకు పాస్‌వర్డు ఉండదు గనుక, అవి ఎవరి చేతబడిన వారివే.

రెండవ దశలో, ఒకే బీజసంఖ్య నుండి వరుసగా ఎన్ని తాళపుచెవులనైనను పుట్టించు పద్ధతి వచ్చినది. 2012లో ‘బిప్ 32’ అను పేర ఈ పద్ధతి ప్రతిపాదింపబడినది. విత్తనమొకటి యున్నచో చెట్టంతయు మఱల మొలిపించుకొనవచ్చును. ఆ బీజసంఖ్యను మనుష్యులు వ్రాసికొనుటకు అనువుగా మాటలలోనికి మార్చు ‘బిప్ 39’ పద్ధతి 2013లో వచ్చినది. 2,048 ఇంగ్లీషు మాటల పట్టిక యొకటి ఏర్పఱచి, వానిలో 12 గాని 24 గాని మాటలను వరుసగా నిచ్చెదరు. నేడు చాలమంది చేతిలో ఉన్నవి ఈ మాటలే. మొట్టమొదటి బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేరు మాత్రము 2016లో వచ్చిన 0.13 సంచికతో బీజపద్ధతిలోనికి వచ్చినను, ఈ మాటల పద్ధతిని స్వీకరింపలేదు. తన ఫైలును తానే నమ్ముకొన్నది.

మాటలు చేతనున్నవి గదా, ఇక భయమేల యని తలంపవచ్చును. ఇక్కడనే పెక్కుమంది తడబడుచున్నారు. తిరుమల సంకీర్తన భాండారమున తాళ్ళపాకవారి పాటలు రాగిరేకులపై చెక్కబడి శతాబ్దములు నిలిచినవి. ప్రతి పాటకు పైని రాగము పేరు కలదు. సాహిత్యము నిలిచినది. కాని స్వరలిపి లేదు. పాడు సంప్రదాయము నడుమ తెగిపోయినది. అందుచేత ఆ మాటలకు ఇటీవలి విద్వాంసులు కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చినది. బీజపదముల స్థితియు ఇట్టిదే. మాటలు సాహిత్యము, వానినుండి తాళపుచెవులను తీయు మార్గము స్వరము. పాటకైనచో కొత్త వరుస కట్టి ఆనందింపవచ్చును గాని, తాళపుచెవికి కొత్త వరుస పనికిరాదు. నాటి వరుసయే కావలయును.

ఆ వరుసలు పెక్కు కలవు. ‘ఎలెక్ట్రమ్’ అను వాలెట్టు 2011లో వెలువడినది. దాని తొలి సంచికలలోని 12 మాటలు 1,626 మాటలుగల వేఱొక పట్టికలోనివి. 2015లో వచ్చిన దాని 2.0 సంచిక మఱొక పద్ధతిని తెచ్చినది. అదియు బిప్ 39 కాదు. కావున ఎలెక్ట్రమ్ ఇచ్చిన 12 మాటలను ఇంకొక వాలెట్టులో వేసినచో, ‘ఇవి సరియైనవి కావు’ అని తిరస్కరింపవచ్చును. బిప్ 39 మాటలలోనైనను, ‘1’తో మొదలగు పాత చిరునామాలకు ఒక మార్గము, ‘3’తో మొదలగు వానికి మఱొకటి, ‘బీసీ1’తో మొదలగు కొత్తవానికి వేఱొకటి యేర్పడినవి. సాంకేతికులు వీనిని 44, 49, 84, 86 అను సంఖ్యలతో పేర్కొందురు. మాటలన్నియు సరిగానే యున్నను, మార్గము తప్పినచో వాలెట్టు తెఱచుకొనును, కాని నిలువ సున్న యని చూపును. సున్నను చూచి సొమ్ము పోయినదని నిశ్చయించుకొని ఆ కాగితమును చించివేయుట కన్న పెద్ద పొరపాటు వేఱొకటి లేదు.

మాటలకు తోడు, కొందఱు తమకు నచ్చిన రహస్యవాక్యము నొకదానిని కూడ చేర్చియుందురు. ఇది మామూలు పాస్‌వర్డు వంటిది కాదు. పాస్‌వర్డు తప్పినచో యంత్రము తప్పని చెప్పును. ఈ వాక్యములో ఒక్క అక్షరము మాఱినను యంత్రము మాఱు పలుకక, నిజమైన దానివలెనే కనబడు వేఱొక ఖాళీ వాలెట్టును తెఱచి చూపును. కావున అట్టి వాక్యము కలదన్న సంగతినైనను వ్రాసియుంచుట అవసరము.

మూడవ దశ ఇటీవలిది. 2021 జనవరిలో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 0.21 సంచికలో ‘డిస్క్రిప్టర్’ అను కొత్తరకము వాలెట్టు ప్రవేశపెట్టబడినది. తాళపుచెవితో పాటు, దానినుండి చిరునామాను తీయు మార్గమును గూడ ఫైలులోనే స్పష్టముగా వ్రాయుట ఇందలి విశేషము. రాగము పేరుతో నూరుకొనక, స్వరలిపిని సైతము రేకుపై చెక్కినట్లే యైనది. 2022లో వచ్చిన 23వ సంచిక నుండి కొత్త వాలెట్టులన్నియు మామూలుగా ఈ రకమునకే చెందినవి. పాత రకము ఫైళ్ళు ‘బర్క్‌లీ డీబీ’ అను సమాచారకోశము యొక్క 4.8 సంచికను ఆధారముగా చేసికొన్నవి. కాలము చెల్లిన ఆ భాగమును మోయుట భారమగుటచే, 2025 అక్టోబరులో వెలువడిన 30వ సంచిక నుండి పాత వాలెట్టులను నేరుగా తెఱచుట ఆగిపోయినది. అయితే ద్వారము పూర్తిగా మూయలేదు. పాత ఫైలును కొత్త రకములోనికి మార్చు సాధనము నందే యుంచిరి.

ఈ మార్పిడి సమయమున ఎట్టి జాగ్రత్త కావలయునో తెలుపు ఉదాహరణ వెంటనే కనబడినది. 30.0, 30.1 సంచికలలో ఒక లోపము కలదనియు, మార్పిడి విఫలమైనప్పుడు అరుదుగా ఆ వాలెట్టు ఉన్న అరలోని ఫైళ్ళన్నియు చెఱిగిపోవచ్చుననియు 2026 జనవరిలో ఆ సాఫ్ట్‌వేరు కర్తలే ప్రకటించిరి, 30.2 సంచికలో దానిని సరిదిద్దిరి. వేఱొకచోట నకలు నుంచుకొన్నవానికి ఇది చిన్న చికాకు మాత్రమే. ఉన్నది ఒక్కటే ఫైలైనవానికి సర్వనాశనము.

సాఫ్ట్‌వేరు మాఱుటయే కాదు, సాఫ్ట్‌వేరు మూతపడుటయు కలదు. ‘మల్టీబిట్’ అను వాలెట్టు ఒకనాడు మిక్కిలి ప్రచారములో ఉండెడిది. 2017 జూలైలో దాని పోషణను విరమించిరి. ఆ వాలెట్టుతో చేసిన ఫైళ్ళు నేటికిని కొందఱి వద్ద ఉన్నవి. తెఱచు సాధనమునకు దిద్దుబాట్లు లేవు. దుకాణము మూసినను తాళపుచెవి మనదే గనుక, అట్టి ఫైలునుండి సంఖ్యను వెలికితీసి వేఱొక వాలెట్టులో వాడవచ్చును. కాని ఏండ్లు గడచిన కొలది ఆ పని తెలిసినవారు తగ్గిపోవుదురు.

పాత ఫైలు దొరకినచో ఏమి చేయవలయును? ఆ కంప్యూటరును శుభ్రపఱచుట గాని, అమ్ముట గాని, పాత ఇనుము వానికి వేయుట గాని చేయరాదు. బ్రిటనులోని న్యూపోర్ట్ పట్టణమున 2013లో ఒకానొకరి హార్డ్ డిస్కు చెత్తతో పాటు పోయినది. అందు సుమారు 8,000 బిట్‌కాయిన్ల తాళపుచెవి యున్నదని వారు చెప్పిరి. చెత్తదిబ్బను త్రవ్వనిమ్మని వారు తెచ్చిన వ్యాజ్యమును 2025 జనవరిలో న్యాయస్థానము కొట్టివేసినది. ఆ ఒక్క ఉదాహరణ చాలును. దొరకిన డిస్కునుండి ముందు పూర్తి నకళ్ళు రెండు తీయవలయును. పనియంతయు నకలు మీదనే చేయవలయును గాని మూలము మీద చేయరాదు. పాత చిరునామా తెలిసియున్నచో, అందు సొమ్మున్నదో లేదో చిట్టాలోనే చూడవచ్చును. చిట్టా బహిరంగమే గనుక అందులకు రహస్యసంఖ్యతో పని లేదు. సొమ్ము లేదని తేలినచో శ్రమ తప్పును.

సొమ్మున్నచో, ఇంటర్నెట్టు సంబంధము లేని యంత్రముపై తెఱచుటకు యత్నింపవలయును. తెఱచిన పిదప మొత్తమును కొత్తగా చేసిన వాలెట్టులోనికి కదల్చుట మేలు. అందులకు కారణము సౌకర్యము మాత్రమే కాదు. కొన్ని పాత సాధనములు రహస్యసంఖ్యను ఎన్నుకొనుటలో తగినంత యాదృచ్ఛికతను పాటింపలేదు. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోనులలోని వాలెట్టులకు అట్టి దోషమున్నట్లు బయటపడినది. దోషముగల సంఖ్యను ఇతరులు ఊహింపగలరు. అట్టిదానిని ఎంత భద్రముగ దాచినను లాభము లేదు. ఇంకొక సంగతి. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ చిట్టా రెండుగ చీలి ‘బిట్‌కాయిన్ క్యాష్’ పుట్టినది. అంతకు ముందటి నాణెములకు అదే తాళపుచెవితో ఆ రెండవ చిట్టాలోను హక్కు కలదు. అయినను ముందు అసలు బిట్‌కాయిన్‌ను కదల్చి, పిదప రెండవదానిని చూచుకొనవలయును గాని, అపరిచిత సాధనమునకు తాళపుచెవిని తొలుతనే అప్పగింపరాదు.

పాస్‌వర్డు మఱచినవారు సైతము నిరాశపడి ఫైలును పాఱవేయరాదు. ‘రోబోఫార్మ్’ అను సాధనముచే 2013లో పుట్టించిన 20 అక్షరముల పాస్‌వర్డును ఐరోపాలోని యొకరు పోగొట్టుకొనిరి. ఆ సాధనపు పాత సంచిక కంప్యూటరులోని తేదీని, వేళను బట్టి పాస్‌వర్డు తయారు చేసెడిదని జో గ్రాండ్ అను అమెరికా ఇంజనీరును, ఆయన సహచరుడును కనిపెట్టి, నాటి తేదీలలోనికి పోయి వెదకి, 43.6 బిట్‌కాయిన్లున్న ఫైలును తెఱచిరి. ఈ సంగతి 2024 మే నెలలో వెలువడినది. ఏ సాధనము వాడినది, ఏ కాలమున వాడినది యన్న ఆధారమే అక్కడ దారి చూపినది. కావున మాటలతో పాటు పరిస్థితులను గూడ వ్రాసియుంచుట వ్యర్థము కాదు.

ఇట్టి దురవస్థలను ఆసరాగా చేసికొను మోసగాండ్రును కలరు. ‘మీ పాత వాలెట్టును తెఱచి యిచ్చెదము, మీ మాటలు చెప్పుడు’ అని ఫోనులో నడుగువారెవరైనను సరే, వారు సొమ్ము తీసికొనిపోవుటకు వచ్చినవారే. మాటలు చెప్పుట యనగా తాళపుచెవి నిచ్చుటయే. వాలెట్టు సాధనమును సైతము దాని అసలు కర్తల వద్దనుండియే తెచ్చుకొని, వారి డిజిటల్ సంతకమును సరిచూచుకొని వాడవలయును.

నేడు కొత్తగా దాచుకొనువారికి మేము చెప్పగల క్రమము ఇది. మాటలను కాగితముపై సిరాతో వ్రాయవలయును; ఫోనులో ఫోటో తీయరాదు. ఇంగ్లీషు అక్షరములలోనే, వరుస సంఖ్య వేసి వ్రాయవలయును. తెలుగు లిపిలో వ్రాసినచో, ఒకే ఉచ్చారణకు రెండు మూడు వర్ణక్రమములు గల ఇంగ్లీషులో ఏది యన్న సందేహము పుట్టును. ఆ పట్టికలో ప్రతి ఇంగ్లీషు మాటయు మొదటి నాలుగు అక్షరములతోనే గుర్తింపబడునట్లు కూర్చిరి గనుక, చివర చెఱిగినను నష్టము లేదు; మొదలు చెఱిగినచో నష్టమే. నీటికి, నిప్పునకు ఓర్చునట్లు ఉక్కురేకుపై అచ్చు గుద్దించుకొనువారును కలరు. అట్టి పని అంగడిలో నితరులచే చేయింపక స్వయముగ చేసికొనవలయును.

వేఱొక కాగితముపై వాలెట్టు పేరు, సంచిక సంఖ్య, ప్రారంభించిన యేడు, మొదటి చిరునామా, మార్గసంఖ్య వ్రాయవలయును. ఇందులో రహస్యము లేదు. ఒకరు చూచినను సొమ్ము పోదు. కాని ఇరువది యేండ్ల పిదప ఈ కాగితమే స్వరలిపి. పిమ్మట, రెండు మూడేండ్ల కొకమాఱు పరీక్ష చేయవలయును. చిన్న మొత్తముతో వాలెట్టు నేర్పఱచి, దానిని చెఱిపి, కాగితము చూచి మఱల తెఱచి, మొదటి చిరునామా కలిసినదో లేదో చూడవలయును. బావిలో చేద తెగకముందే తాడు చూచుకొనుట వంటిదే ఇది. సాఫ్ట్‌వేరు పోషణ ఆగిపోవుచున్నదని తెలిసినప్పుడు, ఇంకను పనిచేయుచుండగనే కొత్తదానిలోనికి మాఱుట సులభము. కొన్న ధర, కొన్న తేదీల చీటీలను సైతము ఉంచవలయును. మన దేశమున 2022 ఏప్రిల్ 1 నుండి ఇట్టి ఆస్తుల బదిలీవలన వచ్చు ఆదాయముపై 30 శాతము పన్ను విధింపబడుచున్నది. అందు మినహాయింపు కొన్న ధరకు మాత్రమే.

చివరగా, ఇంటివారి మాట. ఇంటి యజమాని యొక్కడే ఎఱిగిన రహస్యము అతనితోనే పోవును. బ్యాంకులో ఖాతా యున్నచో మరణధ్రువపత్రము చూపి వారసులు కోరవచ్చును. బీమా సొమ్మును నామినీ కోరి పొందవచ్చును. చిట్టా ఎవరి మరణపత్రమును చూడదు. అట్లని మాటలను వీలునామాలో వ్రాయుటయు తగదు. అది నలుగురి చేతులు మాఱునట్టి పత్రము. అట్టి ఆస్తి కలదనియు, రెండు కాగితములు ఎక్కడెక్కడ ఉన్నవనియు, తెఱచునప్పుడు నమ్మదగిన వారెవరనియు భార్యకో, ఎదిగిన బిడ్డకో చెప్పియుంచుట కనీసపు ధర్మము. వారికి పద్ధతియంతయు తెలియకపోయినను, ఏది పాఱవేయరాదో తెలిసియుండవలయును. అర్థము తెలియక చెత్తబుట్టలో వేసిన పండ్రెండు మాటల చీటీని మఱల వ్రాసి యిచ్చువారు లేరు.